చేపల వేటలో ధ్రువణ చలువ కళ్ళద్దాలు

ధ్రువణ చలువ కళ్ళద్దాలు అనగా నీరు, గాజు, తడి నేల వంటి నునుపైన తలాల మీద పడి పరావర్తనం చెందిన కాంతిలో అధిక భాగాన్ని అడ్డగించి, మిగిలిన కాంతిని మాత్రమే కంటికి చేరనిచ్చే కళ్ళద్దాలు. నీటిపై తళతళ తగ్గడం వలన నీటి లోపలి చేప, నాచు, రాయి, వల తాడు కనిపిస్తాయి. ఈ కారణంగా గాలంతో చేపలు పట్టేవారు, పడవలపై పనిచేసే మత్స్యకారులు వీటిని ఉపయోగిస్తారు. కంటికి హాని చేసే అతినీలలోహిత కిరణాలను ఆపడం వేరొక గుణం. అద్దం నల్లగా ఉండడం మరొక గుణం. ఈ మూడు గుణాలు ఒకదానిపై ఒకటి ఆధారపడినవి కావు. కళ్ళద్దాలు కొనేవారు మూడింటినీ విడివిడిగా పరిశీలించవలసి ఉంటుంది.

పేర్లు

ఎండ నుండి కంటిని కాపాడే కళ్ళద్దాలను తెలుగులో చలువ కళ్ళద్దాలు, చలువ అద్దాలు, నల్ల కళ్ళద్దాలు అని పిలుస్తారు. వాడుక భాషలో కూలింగ్ గ్లాసులు అన్న మాట ఎక్కువ. ధ్రువణ గుణం కలిగిన వాటిని దుకాణాలలో పోలరైజ్డ్ గ్లాసులు లేదా పోలరాయిడ్ గ్లాసులు అంటారు. పోలరాయిడ్ అన్నది మొదట ధ్రువణ పొరకు పెట్టిన పేరు. తరువాత ఆ పొరను తయారు చేసిన అమెరికా సంస్థకు, ఆ పొరతో చేసిన అద్దాలకు కూడా అదే పేరు స్థిరపడింది. పాఠ్యపుస్తకాలలో దీనికి సంబంధించిన దృగ్విషయాన్ని కాంతి ధ్రువణం అంటారు.

చరిత్ర

పరావర్తనం వలన కాంతి ధ్రువణం చెందుతుందని 1808లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఎటియెన్ లూయీ మాల్యూస్ గమనించాడు. ధ్రువణం ఏ కోణం వద్ద సంపూర్ణంగా ఉంటుందో తెలిపే సూత్రాన్ని 1815లో స్కాట్లాండుకు చెందిన డేవిడ్ బ్రూస్టర్ ప్రకటించాడు. 1852లో ఇంగ్లాండు వైద్యుడు విలియం బర్డ్ హెరాపాత్ క్వినైను, అయోడిన్‌ల కలయికతో ఏర్పడిన ఒక స్ఫటికానికి కాంతిని ధ్రువణం చేసే గుణం ఉన్నదని కనుగొన్నాడు. అయితే ఆ స్ఫటికాలు చాలా చిన్నవి, సులభంగా విరిగిపోయేవి. ఈ చిన్న స్ఫటికాలనే ఒక పొరలో ఒకే దిశగా అమర్చే పద్ధతిని అమెరికాకు చెందిన ఎడ్విన్ లాండ్ రూపొందించి 1929లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. ఆయన 1937లో పోలరాయిడ్ కార్పొరేషన్‌ను స్థాపించాడు. 1938లో స్ఫటికాలు అవసరం లేని మరొక పొరను తయారు చేశాడు. నేటి ధ్రువణ కళ్ళద్దాలలో ఎక్కువ భాగం ఈ రెండవ రకం పొరపైనే ఆధారపడి ఉన్నాయి.

నీటి ఉపరితలపు పరావర్తనాన్ని తొలగించి లోపలికి చూసే పద్ధతికి భారతీయ విజ్ఞాన చరిత్రలో ఒక ముఖ్యమైన స్థానం ఉంది. బాల్యంలో విశాఖపట్నంలో పెరిగిన సి.వి.రామన్ 1921లో ఐరోపా నుండి నార్కుండా అనే ఓడలో తిరిగి వస్తూ సముద్రపు నీలిరంగును పరిశీలించాడు. లోతైన సముద్రం నీలంగా కనిపించడానికి కారణం ఆకాశం నీటిలో ప్రతిఫలించడమేనని అప్పటికి లార్డ్ రాలే అభిప్రాయం. రామన్ తన వద్ద ఉన్న నికల్ పట్టకం ద్వారా తగిన కోణంలో నీటిని చూసి, ఉపరితలపు పరావర్తనాన్ని అణచివేశాడు. ఆకాశపు ప్రతిబింబం తొలగినా నీలిరంగు పోలేదు, పైగా మరింత స్పష్టమైంది. నీటి అణువులు కాంతిని పరిక్షేపించడం ఈ రంగుకు కారణమని ఆయన వాదించి, అదే సంవత్సరం నేచర్ పత్రికలో ప్రకటించాడు. ఈ పరిశోధనా మార్గమే 1928లో రామన్ ఫలితానికి, 1930లో నోబెల్ బహుమతికి దారితీసింది. నికల్ పట్టకంతో ఆయన చేసిన పనినే నేడు ధ్రువణ కళ్ళద్దాలు చేస్తున్నాయి.

పనిచేసే విధానం

కాంతి తిర్యక్ తరంగం. సూర్యుని నుండి వచ్చే కాంతిలో కంపనాలు ప్రసార దిశకు లంబంగా అన్ని దిశలలోనూ ఉంటాయి. ఇటువంటి కాంతి నీటిపై ఏటవాలుగా పడినప్పుడు, క్షితిజ సమాంతరంగా కంపించే భాగం ఎక్కువగా పరావర్తనం చెందుతుంది. మిగిలిన భాగంలో అధికం నీటి లోపలికి వక్రీభవనం చెందుతుంది. అందువలన నీటిపై కనిపించే తళతళలో క్షితిజ సమాంతర కంపనాలదే పైచేయి. కళ్ళద్దాలలోని పొర ఈ కంపనాలను శోషించుకొని, నిలువు కంపనాలను మాత్రమే పోనిస్తుంది.

ఒక ప్రత్యేక పతన కోణం వద్ద పరావర్తన కాంతి సంపూర్ణంగా ధ్రువణం చెందుతుంది. దీనిని బ్రూస్టర్ కోణం లేదా ధ్రువణ కోణం అంటారు. ఈ కోణపు టాంజెంటు విలువ ఆ పదార్థపు వక్రీభవన గుణకానికి సమానం. నీటి వక్రీభవన గుణకం 1.33 కావున దాని ధ్రువణ కోణం సుమారు 53 డిగ్రీలు. ఇది నీటి తలానికి గీసిన లంబం నుండి కొలిచిన కోణం. నీటి తలం నుండి కొలిస్తే 37 డిగ్రీలు అవుతుంది.

ఈ లెక్క నుండి చేపలు పట్టేవారికి ఉపయోగపడే ఒక సులభ సూత్రం వస్తుంది. నీటి మట్టం నుండి కంటి ఎత్తును 1.33తో హెచ్చిస్తే, కళ్ళద్దాలు అత్యుత్తమంగా పనిచేసే దూరం తెలుస్తుంది. నీటి అంచున నిలుచున్న మనిషి కన్ను 1.5 మీటర్ల ఎత్తులో ఉంటే, అతనికి 2 మీటర్ల దూరంలోని నీరు బాగా కనిపిస్తుంది. జలాశయపు గట్టుపై నీటికి 6 మీటర్ల ఎత్తులో కన్ను ఉంటే ఆ దూరం 8 మీటర్లు. దీనికి అటూ ఇటూ కూడా కళ్ళద్దాలు పనిచేస్తాయి కాని ప్రభావం క్రమంగా తగ్గుతుంది.

నిట్టనిలువుగా చూసినప్పుడు నీరు పరావర్తనం చేసే కాంతి 2 శాతం మాత్రమే. పతన కోణం 80 డిగ్రీలకు చేరినప్పుడు ఇది సుమారు 35 శాతం అవుతుంది. ఆ కోణంలో కాంతి పాక్షికంగానే ధ్రువణం చెందుతుంది. దూరాన దిగంతం వద్ద మెరిసే నీటిని ఈ కళ్ళద్దాలు పూర్తిగా చల్లార్చలేకపోవడానికి ఇదే కారణం. అలలు ఉన్నప్పుడు నీటి తలం వంపు క్షణక్షణం మారుతుంది. కావున నిలకడ నీటిలో కనిపించినంత స్పష్టంగా కెరటాల మధ్య కనిపించదు.

పొర నిర్మాణం

పాలీవినైల్ ఆల్కహాల్ అనే ప్లాస్టిక్ రేకును వేడిచేసి ఒక దిశలో సాగదీస్తారు. అప్పుడు దానిలోని పొడవైన అణు గొలుసులు ఆ దిశలో వరుసగా అమరుతాయి. ఆ రేకును అయోడిన్ లేదా ప్రత్యేక రంగు ద్రావణంలో ముంచితే, ఆ అణువులు కూడా గొలుసుల వెంట అమరి, సాగదీసిన దిశలోని కంపనాలను శోషిస్తాయి. కళ్ళద్దాలలో ఈ దిశను అడ్డంగా ఉంచుతారు. పొర చాలా పలుచగా ఉండి, తేమకు, వేడికి సులభంగా చెడిపోతుంది. అందుచేత దీనిని రెండు రక్షణ పొరల మధ్య అతికించడమో, కటకం లోపలే పోతపోయడమో చేస్తారు. అతికించిన రకంలో కొంతకాలానికి అంచుల వద్ద పొరలు విడిపోవచ్చు. కటకం లోపల ఇమిడ్చిన రకం ఎక్కువ కాలం మన్నుతుంది.

చీడికాడ ప్రాంతం, అనకాపల్లి తీరం

చీడికాడ మండలం 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా నుండి విడివడి ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో ఉంది. తూర్పు కనుమల పాదాన ఉన్న ఈ మండలంలో బొడ్డేరు నదిపై కోనాం జలాశయం నిర్మించబడింది. బొడ్డేరు శారదా నదికి ఉపనది. ఇదే జిల్లాలో దేవరాపల్లి మండలంలోని రైవాడ, రావికమతం మండలంలోని కల్యాణపులోవ, నాతవరం మండలంలోని తాండవ జలాశయాలు కూడా ఉన్నాయి. జిల్లా దక్షిణ, తూర్పు భాగాలలో పూడిమడక, రేవుపోలవరం, రాజయ్యపేట వంటి సముద్రతీర గ్రామాలు ఉన్నాయి. ఒకే జిల్లాలో కొండ దిగువ మంచినీరు, తీరపు ఉప్పునీరు రెండూ ఉన్నందున కళ్ళద్దాల అవసరాలు కూడా రెండు విధాలుగా ఉంటాయి.

మంచినీటి జలాశయాలలో బొచ్చె, శీలావతి, ఎర్రమోసు, కొర్రమీను, వాలుగ వంటి చేపలు ముఖ్యమైనవి. గట్టు నుండి గాలం వేసేవారికి గట్టు దగ్గరి లోతు తక్కువ నీరు, మునిగిన కొమ్మలు, నాచు తిప్పలు, గాలి పీల్చడానికి పైకి వచ్చే కొర్రమీను కనిపించడం అవసరం. ఇక్కడ నీటి అడుగు గోధుమ, ఆకుపచ్చ రంగులలో ఉంటుంది. నైరుతి రుతుపవనాల కాలంలో కొండవాగులు ఎర్రమట్టిని మోసుకొస్తాయి. అప్పుడు మసక నీటి లోపల నుండే వస్తుంది. ఉపరితలపు తళతళను తీసివేసినా లోపల ఏమీ కనిపించదు. వరద తగ్గి మట్టి అడుగుకు చేరిన తరువాత ఈ కళ్ళద్దాల ఉపయోగం తెలుస్తుంది.

సముద్రంలో పరిస్థితి వేరు. తెల్లవారక ముందే బయలుదేరిన పడవ ఎండ ఎక్కిన తరువాత తిరిగి వస్తుంది. మత్స్యకారులు గంటల కొద్దీ మెరిసే నీటిని చూస్తూనే వల వేస్తారు, లాగుతారు, తోటి పడవలను గమనిస్తారు. వారికి చేప కనిపించడం కంటే కన్ను అలసిపోకుండా ఉండడం, వల తాడు, తేలియాడే దుంగలు, ఇతరుల వలల బెండ్లు సకాలంలో కనిపించడం ముఖ్యం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మర పడవల వేటపై నిషేధం ఉంటుంది. ఆ కాలంలోనూ తీరపు ఇసుకపై వలలు బాగుచేసుకునేవారికి ఎండ తప్పదు.

కంటి ఆరోగ్యం

నీటి మీద పనిచేసేవారి కంటికి అతినీలలోహిత కిరణాలు రెండు మార్గాలలో చేరుతాయి. ఒకటి ఆకాశం నుండి నేరుగా, రెండవది కింది తలాల నుండి పరావర్తనం ద్వారా. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం పొడి ఇసుక ఈ కిరణాలలో సుమారు 15 శాతాన్ని, సముద్రపు నురుగు సుమారు 25 శాతాన్ని పరావర్తనం చేస్తాయి. తలపాగా, టోపీ పైనుండి వచ్చే ఎండను ఆపుతాయి కాని కింది నుండి వచ్చేదానిని ఆపలేవు.

అమెరికాలోని చెసపీక్ అఖాతంలో చేపలు, పీతలు పట్టే 838 మందిపై హ్యూ టేలర్ బృందం జరిపిన అధ్యయనం 1988లో వెలువడింది. జీవితకాలంలో కంటికి సోకిన అతినీలలోహిత-బి కిరణాల మోతాదు రెట్టింపైతే, ఒక రకమైన కంటి శుక్లం వచ్చే అవకాశం 1.6 రెట్లు అవుతుందని అందులో తేలింది. తెల్లగుడ్డు మీద కండ పెరిగి నల్లగుడ్డు వైపు పాకే టెరీజియం అనే జబ్బు కూడా ఎండలో, గాలిలో, ధూళిలో పనిచేసేవారిలో ఎక్కువ. దీనిని శస్త్రచికిత్సతో తొలగించినా తిరిగి పెరిగే అవకాశం ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ప్రకాశం జిల్లా సముద్రతీర మత్స్యకార గ్రామాలలో ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పరిశోధకులు జరిపిన సర్వే 2011లో ప్రచురితమైంది. అక్కడి ప్రజలలో చూపు మందగించడానికి సరైన కళ్ళజోడు లేకపోవడం, కంటి శుక్లాలు ప్రధాన కారణాలని అది తెలిపింది. ఈ ఫలితాన్ని బట్టి, చూపు మసకగా ఉన్న మత్స్యకారుడు ముందుగా కంటి పరీక్ష చేయించుకొనవలెను. చలువ కళ్ళద్దాలు శుక్లాన్ని తగ్గించవు, దృష్టి దోషాన్ని సరిచేయవు. విశాఖపట్నంలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి, ఎల్.వి.ప్రసాద్ సంస్థ ప్రాంగణం ఉన్నాయి.

అతినీలలోహిత రక్షణ లేని నల్లటి అద్దం అసలు అద్దం లేకపోవడం కంటే ప్రమాదకరం కావచ్చు. చీకటి వలన కంటిపాప విచ్చుకుంటుంది. కళ్ళు చిట్లించే సహజమైన అలవాటు కూడా తగ్గుతుంది. దానితో హానికర కిరణాలు మరింతగా లోపలికి చేరే అవకాశం ఏర్పడుతుంది.

ఎంపిక

అతినీలలోహిత రక్షణ: 400 నానోమీటర్ల వరకు గల కిరణాలను ఆపుతుందని తెలిపే యు.వి.400 అన్న గుర్తు ఉండాలి. ధ్రువణ గుణం ఉన్నదన్న మాట దీనికి ప్రత్యామ్నాయం కాదు.

నలుపు స్థాయి: ఐ.ఎస్.ఓ. 12312-1 ప్రమాణం చలువ కటకాలను అవి పోనిచ్చే కాంతిని బట్టి ఐదు తరగతులుగా విభజించింది.

- 0వ తరగతి: 80 నుండి 100 శాతం. దాదాపు తెల్లటి అద్దం.
- 1వ తరగతి: 43 నుండి 80 శాతం. మబ్బు పట్టిన వేళలకు.
- 2వ తరగతి: 18 నుండి 43 శాతం. ఉదయం, సాయంత్రం ఎండకు.
- 3వ తరగతి: 8 నుండి 18 శాతం. తీవ్రమైన ఎండకు, నీటిపై పనికి.
- 4వ తరగతి: 3 నుండి 8 శాతం. మంచు పర్వతాల వంటి చోట్లకు. వీటితో వాహనం నడపరాదు.

సిద్ధాంతరీత్యా ధ్రువణ పొర సాధారణ కాంతిలో సగానికి మించి పోనివ్వదు. కాబట్టి ధ్రువణ కళ్ళద్దాలు ఎంత లేత రంగులో ఉన్నా కొంత చీకటి తప్పదు. తెలుగు ప్రాంతాలలో పగటి వేటకు 3వ తరగతి, జలాశయాలపై ఉదయం, సాయంత్రం వేటకు 2వ తరగతి అనుకూలం.

రంగు: బూడిద రంగు కటకం రంగులను ఉన్నవి ఉన్నట్లు చూపుతుంది. లోతైన నీలి సముద్రంలో, రంగుల జెండాలను, దీపాలను గుర్తించవలసిన చోట ఇది మంచిది. గోధుమ, రాగి రంగు కటకాలు నీలి కాంతిని తగ్గించి, మట్టి అడుగుపై చేప ఆకారాన్ని స్పష్టంగా విడదీసి చూపుతాయి. కోనాం వంటి జలాశయాలకు, చెరువులకు, కాలువలకు ఇవి తగినవి. పసుపు రంగు కటకం మబ్బు వేళ బాగుంటుంది, నడి ఎండకు చాలదు. అద్దం వలె మెరిసే పైపూత కొంత కాంతిని వెనక్కి పంపుతుంది కాని దానివలన ధ్రువణ గుణం రాదు.

కటకం పదార్థం: గాజు కటకానికి గీతలు తక్కువగా పడతాయి, స్పష్టత ఎక్కువ. కాని బరువు ఎక్కువ, పగిలితే ప్రమాదం. పాలీకార్బొనేట్ తేలికైనది, దెబ్బకు తట్టుకుంటుంది, అతినీలలోహిత కిరణాలను సహజంగానే ఆపుతుంది. విసిరిన గాలం, సీసపు గుండు వెనక్కి ఎగిరి కంటికి తగిలే ప్రమాదం ఉన్నందున గాలపు వేటలో దీనికి ప్రాధాన్యం ఇస్తారు. దీనికి గీతలు తొందరగా పడతాయి కావున పైన గట్టి పూత ఉన్న రకాన్ని ఎంచుకోవాలి. సి.ఆర్.-39 అనే ప్లాస్టిక్ స్పష్టతలో బాగుంటుంది, దెబ్బకు పాలీకార్బొనేట్ అంత ఓర్వదు. తక్కువ వెల కళ్ళద్దాలలో ట్రైఎసిటేట్ పొరల కటకాలు ఎక్కువ. ఇవి తేలికగా ఉంటాయి కాని త్వరగా గీతలు పడి, వేడికి వంగుతాయి.

ఫ్రేము: కణతల వరకు చుట్టుకొని ఉండే ఫ్రేము పక్కల నుండి, కింది నుండి వచ్చే వెలుతురును ఆపుతుంది. సన్నని ఫ్రేములో కటకం ఎంత మంచిదైనా పక్క నుండి వచ్చిన కాంతి కటకం వెనుక వైపున ప్రతిఫలించి కంటిని చికాకుపరుస్తుంది. ఉప్పునీటిలో వాడేవారికి నైలాను వంటి ప్లాస్టిక్ ఫ్రేము, తుప్పు పట్టని మరలు అవసరం. మెడకు వేలాడే తాడు తప్పనిసరి. నీటిలో పడితే తేలే ఫ్రేములు కూడా దొరుకుతాయి.

దృష్టి దోషం ఉన్నవారు: తమ కళ్ళజోడు సంఖ్యతోనే ధ్రువణ కటకాలు చేయించుకోవచ్చు. లేదా ఉన్న కళ్ళజోడుకు తగిలించే ధ్రువణ రేకులను, కళ్ళజోడు పైనే పెట్టుకునే పెద్ద కళ్ళద్దాలను వాడవచ్చు. 40 సంవత్సరాలు దాటి దగ్గరి చూపు తగ్గినవారికి గాలపు ముడి వేయడానికి, వల కన్నులు అల్లడానికి వేరే కళ్ళజోడు అవసరమవుతుంది.

కొనే ముందు పరీక్షలు

ధర, పెట్టె, అద్దంపై అంటించిన చీటీ నాణ్యతకు రుజువులు కావు. కింది పరీక్షలను దుకాణంలోనే చేయవచ్చు.

1. బకెట్లోని నీటిలో గాని, గచ్చుపై పోసిన నీటిలో గాని ఆకాశం మెరుస్తూ కనిపించే చోట నిలబడి, కళ్ళద్దాలను కంటి ముందు పట్టుకోవాలి. వాటిని మెల్లగా 90 డిగ్రీలు తిప్పాలి. నిటారుగా ఉన్నప్పుడు తళతళ తగ్గి, అడ్డంగా తిప్పినప్పుడు తిరిగి వస్తే ధ్రువణ గుణం ఉన్నట్లే. ఏ మార్పూ లేకపోతే అది కేవలం రంగు అద్దం. స్టీలు పళ్ళెం మెరుపుపై ఈ పరీక్ష చేయరాదు. లోహాల పరావర్తనంలో ధ్రువణం స్వల్పం.
2. రెండు ధ్రువణ కళ్ళద్దాల కటకాలను ఒకదానిపై ఒకటి ఉంచి, ఒకదానిని 90 డిగ్రీలు తిప్పితే దాదాపు పూర్తి చీకటి కావాలి.
3. సెల్‌ఫోను తెరను చూస్తూ కళ్ళద్దాలను తిప్పితే ఏదో ఒక కోణంలో తెర నల్లబడవచ్చు. కాని కొన్ని తెరలలో ఇది జరగదు. అందువలన నీటి పరీక్షే నమ్మదగినది.
4. రెండు కటకాల అక్షాలు ఒకే దిశలో ఉండాలి. ఒక కన్ను మూసి, తరువాత రెండవ కన్ను మూసి ఒకే తళతళను చూసినప్పుడు రెండింటిలోనూ సమానంగా తగ్గాలి. లేనిచో కొద్దిసేపటికే తలనొప్పి వస్తుంది.
5. కళ్ళద్దాలను చేయి చాచి పట్టుకొని, దూరపు కిటికీ అంచు వంటి తిన్నని గీతను చూస్తూ పక్కకు జరపాలి. గీత అలల వలె వంగితే కటకంలో లోపం ఉన్నట్లు.
6. అతినీలలోహిత రక్షణను కంటితో చూసి చెప్పలేము. పెద్ద కళ్ళజోళ్ళ దుకాణాలలో దీనిని కొలిచే పరికరం ఉంటుంది. దొంగనోట్లను గుర్తించే నీలిదీపం ముందు కటకాన్ని అడ్డుపెట్టి, కరెన్సీ నోటుపై మెరిసే గుర్తులు మరుగవుతున్నాయేమో చూడడం స్థూలమైన పరీక్ష మాత్రమే. ఆ దీపాన్ని నేరుగా చూడరాదు.

సంరక్షణ

ధ్రువణ కళ్ళద్దాలకు ముఖ్య శత్రువులు ఉప్పు, ఇసుక, వేడి. సముద్రపు తుంపర ఆరినప్పుడు కటకంపై సన్నని ఉప్పు పలుకులు మిగులుతాయి. లుంగీ చెరగుతో గాని, తువ్వాలుతో గాని పొడిగా తుడిస్తే ఆ పలుకులు పూతను గీసివేస్తాయి. ఒక్కరోజు చేసిన ఈ పొరపాటు వలన కలిగే నష్టం కనిపించకపోవచ్చు. కొన్ని వారాలలో సన్నని గీతలు కలిసి కటకం మసకబారుతుంది. అప్పుడు తళతళను తీసివేసే అద్దమే ఎండను చెదరగొట్టి కొత్త తళతళను కలిగిస్తుంది.

శుభ్రపరచే క్రమం:

- మొదట ధారాళంగా మంచినీటితో కడగాలి. పడవలో ఉన్నవారు ఇందుకు ఒక చిన్న సీసాలో మంచినీరు ఉంచుకోవచ్చు.
- జిడ్డు ఉంటే గిన్నెలు తోమే ద్రవపు సబ్బు ఒక చుక్క వేసి వేలి కొసలతో రుద్దాలి. గిన్నెలు తోమే పీచు, పొడి, బూడిద వాడరాదు.
- ముక్కు ఆనే చోట, మడత మరల వద్ద ఉప్పు నిలుస్తుంది. అక్కడ కూడా కడగాలి.
- నీటిని విదిలించి, శుభ్రమైన మెత్తని నూలు గుడ్డతో గాని, కళ్ళజోడు గుడ్డతో గాని అద్దాలి.
- ఆ గుడ్డను కూడా తరచుగా ఉతకాలి. ఇసుక పట్టిన గుడ్డ గరుకు కాగితం వలె పనిచేస్తుంది.

కిరోసిన్, పెట్రోలు, గోళ్ళ రంగు తుడిచే ద్రవం, అమ్మోనియా ఉన్న గాజు శుభ్రపరచే ద్రవాలు ప్లాస్టిక్ కటకాలను, పూతలను పాడుచేస్తాయి. డీట్ అనే రసాయనం ఉన్న దోమల మందు కూడా కొన్ని ప్లాస్టిక్‌లను కరిగిస్తుంది. దానిని ఒంటికి రాసుకున్న చేతులను కడిగిన తరువాతే కళ్ళద్దాలను ముట్టుకోవాలి.

ఎండలో నిలిపిన కారు ముందు భాగంలో, మోటారు సైకిలు పెట్టెలో, పడవ ఇంజను పక్కన కళ్ళద్దాలను వదిలివేయరాదు. కటకం, ధ్రువణ పొర, జిగురు వేడికి వేర్వేరు పరిమాణాలలో వ్యాకోచిస్తాయి. తత్ఫలితంగా పొరలు విడిపోయి బుడగలు, ఇంద్రధనుస్సు వంటి మచ్చలు ఏర్పడతాయి. వేడినీటితో కడగడం, రాత్రంతా నీటిలో నానబెట్టడం కూడా పనికిరావు. ఒకసారి విడిపోయిన పొరను తిరిగి అతికించడం సాధ్యం కాదు. వాడనప్పుడు గట్టి పెట్టెలో ఉంచాలి. పెట్టె లేనప్పుడు కటకాలు పైకి ఉండేట్లు పెట్టాలి. వేట నిషేధ కాలంలో దాచిపెట్టేవారు ఉప్పు పూర్తిగా కడిగి, నీడన ఆరబెట్టి, మరలకు చుక్క నూనె రాసి దాచవచ్చు. నూనె కటకానికి తగలరాదు.

గీతలు చూపుకు అడ్డుపడుతున్నప్పుడు, అంచుల వద్ద పొర లేస్తున్నప్పుడు, నీటి పరీక్షలో తళతళ తగ్గనప్పుడు కళ్ళద్దాలను మార్చవలసి ఉంటుంది.

పరిమితులు, జాగ్రత్తలు

ఈ కళ్ళద్దాలతో సూర్యుణ్ణి గాని, సూర్యగ్రహణాన్ని గాని చూడరాదు. రాత్రి వేళ, తెల్లవారక ముందు చీకటిలో వీటిని ధరించి పడవ గాని, వాహనం గాని నడపరాదు.

కళ్ళద్దాలు పరావర్తనాన్ని తగ్గిస్తాయి కాని వక్రీభవనాన్ని మార్చలేవు. నీటిలోని చేప అసలు లోతు కంటే పైన ఉన్నట్లు కనిపిస్తుంది. నిలువుగా చూసినప్పుడు 4 అడుగుల లోతున ఉన్న చేప 3 అడుగుల లోతున ఉన్నట్లు తోస్తుంది. అడుగు స్పష్టంగా కనిపించినంత మాత్రాన నీరు లోతు తక్కువని భావించి జలాశయంలోకి దిగడం ప్రమాదకరం.

జి.పి.ఎస్., లోతు చూపే పరికరం, సెల్‌ఫోను తెరలు కొన్ని కోణాలలో నల్లగా కనిపించవచ్చు. అటువంటప్పుడు తలను పక్కకు వంచి చూడాలి, లేదా కళ్ళద్దాలు తీసి చూడాలి. నీటి పైతలపు మెరుపులు తగ్గడం వలన, గాలి తాకిడికి లేచే సన్నని ముడతలు, చేపల గుంపు కదలికతో పైన ఏర్పడే చిరు అలలు కొంత మసకబారతాయి. నీటి లోపలి గుర్తులతో పాటు పైగుర్తులను కూడా బట్టి వేట సాగించేవారు అప్పుడప్పుడు కళ్ళద్దాలు పైకెత్తి చూడవలసి ఉంటుంది.

తలను పూర్తిగా పక్కకు వాల్చినప్పుడు పొర అక్షం కూడా తిరుగుతుంది కావున తళతళ మళ్ళీ కనిపిస్తుంది. ఇది కళ్ళద్దాల లోపం కాదు. ధ్రువణ గుణం సక్రమంగా ఉన్నదనడానికి ఇది ఒక నిదర్శనం.

ఇవి కూడా చూడండి

- కాంతి ధ్రువణం
- బ్రూస్టర్ కోణం
- చంద్రశేఖర వేంకట రామన్
- కంటి శుక్లం
- చీడికాడ
- శారదా నది